16 సెకన్ల పరుగు, 64 సెకన్ల వీడియో

"మామయ్యా, నేనింత స్లోగా పరిగెత్తానా?"

మా అక్క కూతురు అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. స్కూల్లో 100 మీటర్ల పరుగు పందెంలో రెండో స్థానంలో వచ్చింది. వీడియో తీసే బాధ్యత నాది. ముందు రోజు రాత్రే బ్యాటరీ ఛార్జింగ్ పెట్టి, కార్డు ఖాళీ చేసి, క్యామ్‌కార్డర్ మెనూలన్నీ తవ్వి, ఫ్రేమ్ రేట్ దగ్గర కనిపించిన అన్నిటికన్నా పెద్ద అంకె ఎంచుకున్నాను. 120. వేగంగా పరిగెత్తే పిల్ల, వేగంగా తీసే కెమెరా. లెక్క సరిపోయిందనిపించింది.

ఇంటికొచ్చి టీవీకి తగిలిస్తే 16 సెకన్ల పరుగు 64 సెకన్లు నడిచింది. పిల్లలందరూ నీళ్లలో నడుస్తున్నట్టు ఒక్కో కాలూ ఎత్తి, కాసేపు గాల్లో ఉంచి, తీరిగ్గా కింద పెడుతున్నారు. శబ్దం లేదు. మా అక్క గొంతు చించుకుని అరిచిన అరుపు లేదు, విజిల్ లేదు. గీత దాటగానే ఈ పిల్ల వెనక్కి తిరిగి నాతో ఏదో అంది. నోరు కదులుతోంది, మాట లేదు. ఏమందో ఇప్పుడు దానికీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

జరిగిందేమిటంటే, ఆ మోడ్‌లో కెమెరా సెకనుకు 120 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు, తీస్తుంది కానీ ఫైల్లో వాటిని సెకనుకు 30 చొప్పున పేర్చి పెడుతుంది. అంటే నాలుగో వంతు వేగం. శబ్దాన్ని అలా సాగదీస్తే వినలేం కాబట్టి అసలు రికార్డే చెయ్యదు. ఎడిటింగ్‌లో వేగం నాలుగు రెట్లు పెంచితే పరుగు మళ్లీ పరుగులాగే వచ్చింది. శబ్దం మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాం?

అప్పట్నుంచీ ఈ ఫ్రేమ్ రేట్ గొడవ నన్ను వదల్లేదు. వేగంగా కదిలేవాటిని తియ్యాలంటే ఏం పెట్టాలని ఎవర్ని అడిగినా రెండే జవాబులు వస్తాయి. ఒకరు "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అంటారు. ఇంకొకరు "24 పెట్టు, సినిమాలా ఉంటుంది" అంటారు. నేను రెండూ చేసి చూశాను, రెండుసార్లూ చేతులు కాల్చుకున్నాను. నా వాదన ఇది: కదిలే వస్తువు ఎంత వేగంగా పోతోందన్నది ఫ్రేమ్ రేట్‌ని నిర్ణయించకూడదు. అది షట్టర్ స్పీడ్ చూసుకోవాల్సిన పని. ఫ్రేమ్ రేట్‌ని నిర్ణయించాల్సింది ఆ వీడియోని తర్వాత ఎలా చూస్తారన్నది.

ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే తికమకంతా. ఫ్రేమ్ రేట్ అంటే సెకనులో ఎన్నిసార్లు కళ్లు తెరిచామన్నది. షట్టర్ స్పీడ్ అంటే తెరిచిన ప్రతిసారీ ఎంతసేపు తెరిచి ఉంచామన్నది. సెకనుకు 24సార్లే తెరిచినా ప్రతిసారీ వెయ్యో వంతు సేపు మాత్రమే తెరవొచ్చు. అప్పుడు ప్రతి బొమ్మా కత్తిలా ఉంటుంది, కానీ బొమ్మకీ బొమ్మకీ మధ్య జరిగిందేదీ దొరకదు. 60సార్లు తెరిచి, ప్రతిసారీ 60వ వంతు సేపు తెరిచే ఉంచొచ్చు. అప్పుడు మధ్యలో ఏదీ తప్పిపోదు, కానీ ఏ ఒక్క బొమ్మా పూర్తి స్పష్టంగా ఉండదు.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ వీడియో కెమెరా పుట్టక ముందుది. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ దౌడు తీస్తున్న గుర్రాన్ని ఫోటోలు తీశాడు. లీలండ్ స్టాన్‌ఫర్డ్ గుర్రం అది, పేరు సాలీ గార్డ్‌నర్. దౌడులో నాలుగు కాళ్లూ ఒకేసారి నేలని వదులుతాయా లేదా అన్నది అప్పటి ప్రశ్న. దారి పక్కన కెమెరాలు వరసగా పెట్టి, దారికి అడ్డంగా దారాలు కట్టి, గుర్రం వాటిని తాకుతూ పోతుంటే ఒక్కో కెమెరా ఒక్కో ఫోటో తీసేలా ఏర్పాటు చేశాడు. ఆ ఫోటోలతో వేసిన కార్డు మీదే వివరాలు అచ్చేశారు. ఫోటోకీ ఫోటోకీ మధ్య 27 అంగుళాల దూరం, సెకనులో దాదాపు 25వ వంతు కాలం. ఒక్కో ఫోటోకి ఎక్స్‌పోజర్ సెకనులో 2,000వ వంతు కన్నా తక్కువ.

మన భాషలో చెప్పాలంటే 25 ఫ్రేములు, 1/2000 షట్టర్. ఇందులో గుర్రం కాళ్లని పట్టింది ఏ అంకె? 27 అంగుళాలంటే దాదాపు 68 సెంటీమీటర్లు. సెకనుకు 25 అలాంటి అంగలు, అంటే 17 మీటర్లు. 1/2000లో గుర్రం ఒంటి కదలిక సెంటీమీటరు లోపే. అదే మైబ్రిడ్జ్ నాలుగు రెట్లు కెమెరాలు పెట్టి, సెకనుకు 100 చొప్పున తీసి, షట్టర్ మాత్రం 1/100 దగ్గర ఉంచి ఉంటే? ప్రతి ఫోటోలోనూ గుర్రం 17 సెంటీమీటర్లు సాగిపోయి ఉండేది. ఒంటికన్నా వేగంగా ఊగే కాళ్లయితే ఇంకా అధ్వాన్నం. ఫోటోలు బోలెడు, జవాబు సున్నా. మైబ్రిడ్జ్ ప్రశ్నకి జవాబిచ్చింది షట్టర్. నేను పందెం రోజు చేసింది సరిగ్గా దీనికి తలకిందుల పని. ఫ్రేములు పెంచాను, షట్టర్ ఆటోకి వదిలేశాను.

అంతకు ముందు ఏడాది చేసింది ఇంకో రకం తప్పు. అప్పుడు 24 పెట్టాను. సినిమా లుక్ మీద మోజు. మంచి ఎండ. షట్టర్ ఆటోలో ఉంది. ఎండలో లోపలికొచ్చే వెలుతురుని తగ్గించడానికి కెమెరా ఏం చేస్తుంది? లెన్స్ కొంత మూస్తుంది, ఆపైన షట్టర్‌ని లాక్కుపోయి 1/1000 దగ్గర పెడుతుంది. ఇంట్లో చూస్తే పిల్ల పరిగెత్తడం లేదు. ఒక చోట మాయమై ఇంకో చోట ప్రత్యక్షమవుతోంది.

ఎందుకో చేత్తో లెక్కేసుకున్నాను. నేను నిలబడ్డ చోటు నుంచి ఫ్రేమ్‌లో 12 మీటర్ల వెడల్పు పడుతుంది. పిల్ల సెకనుకు 6 మీటర్లు పరిగెడుతుంది. అంటే రెండు సెకన్లలో ఈ అంచు నుంచి ఆ అంచుకి. ఫుల్ హెచ్‌డీ బొమ్మ వెడల్పు 1920 పిక్సెళ్లు కాబట్టి సెకనుకు 960 పిక్సెళ్ల ప్రయాణం. 24 ఫ్రేముల్లో తీస్తే ఒక్కో ఫ్రేముకీ 40 పిక్సెళ్ల గెంతు. షట్టర్ 1/1000 అయితే ఆ 40లో కెమెరా చూసింది ఒక్క పిక్సెల్ మేర కదలిక. మిగతా 39 ఖాళీ. ఆ ఖాళీనే మన కన్ను వణుకుగా, గెంతుగా చదువుకుంటుంది. షట్టర్ 1/50 అయితే 20 పిక్సెళ్ల దాకా చెరిగిన గీత వచ్చి ఖాళీలో సగం పూడుస్తుంది. గెంతు కొంచెం మెత్తబడుతుంది, కానీ 40 పిక్సెళ్ల గెంతు గెంతే. అదే 60 ఫ్రేములైతే గెంతు 16 పిక్సెళ్లు. 1/120 షట్టర్‌తో అందులో 8 చెరుపు, 8 ఖాళీ. ఇది కంటికి పరుగులా కనిపిస్తుంది.

ఇక్కడ లెక్కలోకి వచ్చింది పిల్ల వేగం కాదని గమనించండి. ఫ్రేమ్‌ని ఎంతసేపట్లో దాటుతోందన్నది. ఆకాశంలో దూరంగా పోయే విమానం గంటకి 800 కిలోమీటర్లు పోతున్నా ఫ్రేమ్ దాటడానికి అరనిమిషం తీసుకోవచ్చు. దానికి 24 చాలు. బల్ల మీద కూర్చున్న పిల్లి దగ్గర్నుంచి తోక ఆడిస్తే 24 చాలదు. "వేగంగా కదిలేవి" అని మనం అనేవాటిలో సగం నిజానికి దగ్గరగా ఉన్నవి, లేదా జూమ్ చేసినవి.

24 సంగతి కాస్త ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే దాని చుట్టూ భక్తి ఎక్కువ. మూకీల కాలంలో లూమియర్ సోదరులు సెకనుకు 16 ఫ్రేముల దగ్గర తీశారు. తర్వాత చేత్తో తిప్పే కెమెరాల్లో తిప్పేవాడి చేతిని బట్టి అటూ ఇటూ అయ్యేది. 1920ల చివర శబ్దం వచ్చాక చేత్తో తిప్పడం కుదరలేదు. వేగం మారితే గొంతు మారిపోతుంది. ఒక స్థిరమైన అంకె కావాలి. ధ్వని బాగుండాలంటే ఫిల్మ్ వేగంగా నడవాలి, ఖర్చు తగ్గాలంటే నెమ్మదిగా నడవాలి. 24 దగ్గర రాజీ కుదిరింది. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకి 16 ఫ్రేములు పడతాయి కాబట్టి నిమిషానికి 90 అడుగులు. మంచి గుండ్రటి లెక్క. ఇందులో కంటి శాస్త్రం పెద్దగా లేదు. కన్ను 24కి మించి చూడలేదనే మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. అదే నిజమైతే థియేటర్ ప్రొజెక్టర్లు ఒక్కో ఫ్రేమునీ రెండు మూడుసార్లు ఆర్పి వెలిగించాల్సిన అవసరమే ఉండేది కాదు. సెకనుకు 24సార్లు మాత్రమే వెలిగిస్తే తెర మినుకుమినుకుమంటుంది కాబట్టే 48 లేదా 72సార్లు వెలిగించారు.

24తో అద్భుతంగా తీసినవాళ్లు దాని బలహీనత తెలిసి తీశారు. ప్యాన్ చేస్తున్నప్పుడు, అంటే కెమెరాని పక్కకి తిప్పుతున్నప్పుడు, ఒక వస్తువు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకి చేరడానికి కనీసం ఏడు సెకన్లు పట్టాలని సినిమాటోగ్రాఫర్లు చెప్పుకునే పాత సూత్రం ఒకటుంది. అంతకన్నా వేగంగా తిప్పితే బొమ్మ అదురుతుందని. మా పిల్ల రెండు సెకన్లలో దాటేసింది. సినిమావాళ్లకి ప్రతి కదలికా వాళ్ల చేతిలో ఉంటుంది. నటుడి వేగం, కెమెరా వేగం, లైటు, వెలుతురు తగ్గించడానికి లెన్స్ ముందు పెట్టే ఎన్‌డీ ఫిల్టర్, కుదరకపోతే ఇంకో టేక్. పందెంలో ఇంకో టేక్ ఉండదు. వాళ్లని చూసి మనం 24 పెట్టుకోవడం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. నక్కని నేనే కాబట్టి ధైర్యంగా అంటున్నాను.

ఒక్క మినహాయింపు. కదిలే మనిషితో పాటు కెమెరాని సరిగ్గా తిప్పగలిగితే ఆ మనిషి ఫ్రేమ్‌లో దాదాపు నిలబడే ఉంటాడు, వెనకున్నది మాత్రం చెరిగిపోతుంది. 24, 1/50తో అది చాలా అందంగా వస్తుంది. సైకిల్ పందేల్లో నాకు రెండు మూడుసార్లు కుదిరింది. కుదరనివి ఎన్నో లెక్కపెట్టలేదు.

నన్ను నిజంగా మార్చింది మాత్రం పాత టేపులు. ఇంట్లో ఒక పెట్టె నిండా మినీ డీవీ టేపులుంటే కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. అందులో మా కుక్క (ఇప్పుడు లేదు) బంతి వెనకాల పరిగెత్తే దృశ్యం ఒకటుంది. పాత టీవీలో చూస్తే నున్నగా, కుక్క కళ్ల ముందున్నట్టే ఉంది. కంప్యూటర్లో నేను మార్చిన ఫైల్లో అదే కుక్క తడబడుతూ పరిగెడుతోంది. బొమ్మ నాణ్యత ఒకటే, కదలిక వేరు. తీరా చూస్తే దొంగ నా సెట్టింగుల్లోనే ఉన్నాడు.

పాత క్యామ్‌కార్డర్లు ఇంటర్‌లేస్డ్ పద్ధతిలో తీసేవి. 50ఐ లేదా 60ఐ అంటారు. ఒకసారి బేసి గీతలు, ఇంకోసారి సరి గీతలు. ఒక్కో భాగాన్ని ఫీల్డ్ అంటారు. రెండు ఫీల్డులు కలిస్తే ఒక ఫ్రేము కాబట్టి కాగితం మీద అది 25 లేదా 30 ఫ్రేములే. కానీ ఆ రెండు ఫీల్డులూ ఒకే క్షణంలో తీసినవి కావు. కదలికని సెకనుకు 50 లేదా 60సార్లు పట్టుకున్నట్టే. నేను చేసిందేమిటంటే ప్రతి రెండు ఫీల్డుల్నీ కలిపేసి 25 ఫ్రేములు చేశాను. కుక్క పరుగులో సగం పారేశాను. ఫీల్డుకో ఫ్రేము చొప్పున 50 ఫ్రేములుగా మార్చాక కుక్క మళ్లీ లేచి పరిగెత్తింది. మీ దగ్గర అలాంటి టేపులుంటే ఈ ఒక్క పని మాత్రం తప్పకుండా చెయ్యండి.

ఆలోచిస్తే వింతగా ఉంటుంది. ఇంట్లో పిల్లల్ని, కుక్కల్ని, ఆటల్ని తీసుకునే మామూలు జనం దశాబ్దాల పాటు సెకనుకు 50, 60 కదలికలు పట్టే కెమెరాలు వాడారు. తర్వాత మెరుగైన కెమెరాలు కొనుక్కుని, సినిమా లుక్ కోసం 24కి, 25కి దిగారు. పిక్సెళ్లు పెరిగాయి, కదలిక సగమైంది. టీవీ ఆటల ప్రసారాలు మాత్రం ఈ తప్పు చెయ్యలేదు. అమెరికాలో హెచ్‌డీ ప్రసారాలు వచ్చినప్పుడు ఈఎస్‌పీఎన్, ఏబీసీ ఛానళ్లు 1080ఐ (ఐ అంటే ఇంటర్‌లేస్డ్) వద్దని 720పి (పి అంటే ప్రోగ్రెసివ్, గీతలన్నీ కలిపి పూర్తి ఫ్రేము) తీసుకున్నాయి. గీతలు తక్కువైనా సెకనుకు 60 పూర్తి ఫ్రేములు. ఆటల వాళ్లకి ఏది ముఖ్యమో వాళ్లకి తెలుసు. క్యామ్‌కార్డర్లలోకి 1080 60పి మామూలుగా రావడం 2011లో ఏవీసీహెచ్‌డీ అనే రికార్డింగ్ ఫార్మాట్ కొత్త వెర్షన్ వచ్చాక మొదలైంది. యూట్యూబ్‌లో 60 ఫ్రేములు 2014 నుంచి ఉన్నాయి. అంటే వంక చెప్పడానికేం మిగల్లేదు.

కాబట్టి నా లెక్కలో వేగంగా కదిలేదాన్ని మామూలు వేగంలో చూడ్డానికే తీస్తుంటే 60. మీ ప్రాంతంలో టీవీ, కరెంటు 50 మీద నడిచేవైతే 50. అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు, ఎందుకంటే చాలామంది చూసే తెరలు సెకనుకు 60సార్లే మారతాయి. 120 తీసి మామూలు వేగంలో అలాంటి తెర మీద చూపిస్తే సగం ఫ్రేములు ఎవరికీ కనిపించవు.

షట్టర్ విషయంలో పాఠాల్లో చెప్పేది రెట్టింపు సూత్రం: 60 ఫ్రేములకి 1/120. మంచిదే. కానీ నేను వెలుతురు తక్కువున్నప్పుడు, లేదా చివరికి 30లో ఇవ్వాల్సి వస్తుందేమోనని అనుమానం ఉన్నప్పుడు 60కి 1/60 పెడతాను. ఇదేమిటి, ఫ్రేమంతా తెరిచే ఉంచడమా అని ముఖం చిట్లించినవాళ్లున్నారు. 60లో చూస్తే కాస్త మెత్తగా, నీళ్లలా ఉంటుంది, నాకు ఇబ్బంది లేదు. అసలు లాభం వేరే ఉంది. రేపు దాన్ని 30 ఫ్రేముల వీడియోలో వాడాలంటే ఒకటి విడిచి ఒకటి ఫ్రేములు తీసేస్తే చాలు. మిగిలింది 30 ఫ్రేములు, 1/60 షట్టర్. సరిగ్గా పాఠాల్లో చెప్పిన రెట్టింపు సూత్రమే. అదే 1/120తో తీసి సగం తీసేస్తే 30కి 1/120 అవుతుంది, కొంచెం గెంతుతుంది. 1/1000తో తీసిందైతే చెప్పక్కర్లేదు. 60ని 24కి మార్చాలనుకుంటే మాత్రం ఏం చేసినా అతుకులబొంతే. రెండున్నరతో భాగించి ఫ్రేముల్ని సమంగా పంచలేం. ఒకసారి రెండో ఫ్రేము, ఒకసారి మూడో ఫ్రేము తీసుకుంటూ పోతే నడక కుంటుతుంది.

"60 పెడితే చవక వీడియోలా ఉంటుంది, సినిమాలా ఉండదు" అన్నది అందరూ చెప్పే అభ్యంతరం. దీన్ని కొట్టిపారెయ్యను. 2012లో 48 ఫ్రేములతో ఒక పెద్ద హాలీవుడ్ సినిమా వచ్చినప్పుడు సెట్లు సెట్లలాగే, మేకప్ మేకప్‌లాగే కనిపిస్తోందని చాలామంది ప్రేక్షకులు చిరాకుపడ్డారు. కథకి కాస్త పరదా కావాలి. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సన్నివేశాన్ని నేను కూడా 60లో తియ్యను. కానీ పరుగు పందెంలో దాచాల్సిందేముంది? అక్కడ నాకు కావలసింది అక్కడ ఉన్నట్టు అనిపించడం. ఆ "వీడియోలా ఉండటం" అనేదే ఇక్కడ గుణం.

ఇప్పుడు 120, 240 సంగతి. ఇవి స్లో మోషన్ కోసమే. 120 తీసి 30లో చూపిస్తే నాలుగు రెట్లు, 24లో చూపిస్తే ఐదు రెట్లు నెమ్మది. ఎంత నెమ్మది కావాలో ముందే అనుకుంటే అంకె దానంతటదే వస్తుంది. నా అనుభవంలో మనుషుల కదలికలకి 60ని సగం చేసి చూపిస్తే చాలావరకు చాలు. ఎగిరే నీటి చుక్కలకి, కుక్క ఒళ్లు దులుపుకోవడానికి 120 కావాలి. ఆ పైన కావలసిన విషయాలు చాలా తక్కువ. ఇంకో సంగతి, శబ్దం. 120 ఫ్రేముల్నీ 120 ఫ్రేములుగానే శబ్దంతో సహా రాసే మోడ్ మీ కెమెరాలో ఉంటే అదే వాడండి, నెమ్మది తర్వాత ఎడిటింగ్‌లో చేసుకోవచ్చు. కెమెరాలోనే నెమ్మది చేసేసే మోడ్ పెట్టుకుంటే వేగాన్ని మళ్లీ తేవొచ్చు గానీ శబ్దానికి వెనక్కి దారి లేదు. కొన్ని పాత క్యామ్‌కార్డర్లలో అయితే మూడు సెకన్లు తీసి పన్నెండు సెకన్లుగా సాగదీసే మోడ్ ఉండేది. మూడు సెకన్లే! బంతి కొట్టే ముందు నొక్కాలా కొట్టాక నొక్కాలా అన్న టెన్షన్‌లోనే ఆట అయిపోయేది.

పెద్ద అంకెకి కట్టాల్సిన సుంకం వెలుతురు. 1/60 నుంచి 1/240కి పోతే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతు. క్యామ్‌కార్డర్ సెన్సర్లు చిన్నవి కాబట్టి కెమెరా ఆ లోటుని గెయిన్‌తో, అంటే సెన్సర్ సిగ్నల్‌ని పెంచి, పూడుస్తుంది, అంటే 12 డెసిబెల్స్ అదనం. బొమ్మంతా ఇసక చల్లినట్టు అవుతుంది. ఆ ఇసకని కూడా కదలికే అనుకుని, ఫైలు సైజు తగ్గించే కంప్రెషన్ తన బిట్లన్నీ దానికే పెట్టేస్తుంది. అసలు కదిలేదానికి మిగలవు. పచ్చిక మీద ఆట తీసినప్పుడు గడ్డి గడులుగడులుగా విరిగిపోవడం చూసే ఉంటారు.

గోరుచుట్టు మీద రోకలిపోటు లైట్లది. ఇది నేను బ్యాడ్మింటన్ హాల్లో నేర్చుకున్నాను. మేనకోడలు పరుగు మానేసి రాకెట్ పట్టింది. దాని మణికట్టు ఎక్కడ తిరుగుతోందో చూడాలి, వీడియో తీసి పెట్టమని కోచ్ అడిగారు. నేను యథాప్రకారం 120 పెట్టాను. నెమ్మది చేసి చూస్తే హాలు మొత్తం గుండెలా కొట్టుకుంటోంది, సెకనుకి ఐదుసార్లు వెలుగు, ఐదుసార్లు మసక. కోచ్ ఒకసారి చూసి ట్యాబ్ మళ్లీ నాకే ఇచ్చేశారు.

కారణం ఇది. కరెంటు 50 హెర్ట్జ్ అయితే చాలా రకాల లైట్లు సెకనుకు 100సార్లు హెచ్చుతగ్గులవుతాయి. కంటికి తెలియదు. 120 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకి దక్కే సమయం గరిష్ఠంగా 1/120. లైటు ఒకసారి హెచ్చి తగ్గే చుట్టు పూర్తవడానికి 1/100 కావాలి. కాబట్టి ఏ ఫ్రేముకీ పూర్తి చుట్టు దొరకదు. ఒకదానికి ఎక్కువ వెలుగున్న ముక్క, ఇంకోదానికి తక్కువున్న ముక్క. 120లోంచి 100 తీసేస్తే 20. సెకనుకు 20సార్లు వెలుగు ఊగుతుంది, నాలుగు రెట్లు నెమ్మది చేస్తే ఐదుసార్లు. మందు చాలా తేలిక. కెమెరా సిస్టమ్‌ని 50 హెర్ట్జ్‌కి మార్చి 100 ఫ్రేముల్లో తీస్తే ప్రతి ఫ్రేముకీ లైటు చుట్టులో అదే ముక్క దొరుకుతుంది, ఊగడం ఆగుతుంది. 60 ఫ్రేముల్లోనే ఉండాలంటే షట్టర్ 1/100 పెట్టుకోవాలి, అప్పుడు ప్రతి ఫ్రేముకీ ఒక పూర్తి చుట్టు. 60 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట ఈ అంకెలు 120, 1/120 అవుతాయి. వేగానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఫ్రేమ్ రేట్‌ని లైటు నిర్ణయించే సందర్భం ఇది, దీన్ని ఎవరూ ముందు చెప్పరు.

ఊగడం పోయాక కూడా కోచ్‌కి కావలసింది దొరకలేదు. ఆయన వీడియో ఆడించుకుని చూడరు. ఆపి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూస్తారు. మైబ్రిడ్జ్ ప్రశ్నే మళ్లీ. రాకెట్ తల సెకనుకు 30 మీటర్లు కదులుతోందనుకుందాం. 1/125 షట్టర్‌లో అది 24 సెంటీమీటర్లు పోతుంది, రాకెట్ బదులు ఒక పొగ కనిపిస్తుంది. 1/1000లో మూడు సెంటీమీటర్లు. అందుకని బయట, పగటి వెలుగులో, 1/1000 దాటిన షట్టర్‌తో మామూలు 50 ఫ్రేముల్లోనే తీశాను. ఆడించి చూస్తే గరగరలాడుతూ కళ్లు నొప్పెట్టేలా ఉంది. ఆపి చూస్తే రాకెట్ తీగలు లెక్కపెట్టొచ్చు. కోచ్ సంతోషించారు. అందం కోసం తీసింది కాదు కదా.

షటిల్‌ని పట్టుకోవాలన్న ఆశ మాత్రం వదులుకున్నాను. 2023లో సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి గంటకి 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు పెట్టాడు. అంటే రాకెట్ వదిలిన క్షణంలో సెకనుకు 157 మీటర్లు. 60 ఫ్రేముల్లో తీస్తే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య రెండున్నర మీటర్లు దాటిపోతుంది. 240 పెట్టినా 65 సెంటీమీటర్లు. 1/1000 షట్టర్‌కి కూడా 15 సెంటీమీటర్ల గీతే. షటిల్ ఈకల వల్ల వెంటనే నెమ్మదిస్తుంది కాబట్టి కొంత నయం గానీ, తగిలే క్షణాన్ని క్యామ్‌కార్డర్‌తో తియ్యాలనుకోవడం అత్యాశ. కోచ్‌కి దానితో పనీ లేదు.

రోలింగ్ షట్టర్ గురించి ఒక్క మాట. సెన్సర్ బొమ్మని పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా చదువుతుంది. ఆ చదివే లోపు వస్తువు జరిగితే నిటారు స్తంభాలు వాలిపోతాయి, రాకెట్ వంగిపోతుంది. షట్టర్ స్పీడ్ ఎంత పెంచినా ఇది పోదు, ఎందుకంటే చదివే వేగం మారదు. కానీ 60 ఫ్రేములు తియ్యాలంటే సెన్సర్ మొత్తాన్ని 1/60లోపు చదివి తీరాలి, 24లో ఆ తొందర ఉండదు. కాబట్టి 60 వైపు ఇదో చిన్న అదనపు ఓటు. ఇక కెమెరాలో తిరిగే ఫ్యాన్ ఆగినట్టో వెనక్కి తిరిగినట్టో కనిపిస్తే కంగారుపడకండి. మూడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 300సార్లు తిరిగితే సెకనుకు 15 రెక్కలు ఒక చోటు దాటతాయి. 30 ఫ్రేముల్లో తీస్తే ఆరు రెక్కల ఫ్యాన్ కదలకుండా నిలబడి కనిపిస్తుంది. సరదాగా ఇంట్లో తీసి చూడండి, వేగం సరిగ్గా కుదిరితే భలే ఉంటుంది.

మేనకోడలు పోయిన ఏడాది మళ్లీ పరుగుకి వచ్చింది. ఈసారి 60 పెట్టాను, షట్టర్ మాన్యువల్‌లో 1/120 దగ్గర బిగించి, ఎండకి ఎన్‌డీ ఫిల్టర్ వేసి, ట్రైపాడ్ మీద నుంచి తీశాను. శబ్దం ఉంది. మా అక్క అరుపు మైక్ పట్టలేనంత ఉంది. టీవీలో పెడితే పరుగు పరుగులా ఉంది. పిల్ల రెండుసార్లు చూసి, రిమోట్ లాక్కుని, గీత దాటే చోట ఆపింది. రెండు కాళ్లూ గాల్లో ఉన్నాయి. దగ్గరికెళ్లి తెర మీద వేలు పెట్టింది.

"మామయ్యా, ఇక్కడ నా మొహం బ్లర్ అయిపోయింది. ఫోటోకి పనికిరాదు."

ఎనిమిది పిక్సెళ్లు. ఆపి చూస్తే అలాగే ఉంటుంది, ఆడించి చూడమన్నాను. వినలేదు. వచ్చేసారి పక్కన ఇంకో కెమెరా పెట్టి 1/1000లో ఫోటోలు కూడా తియ్యమంది.